ఇంటి నుంచి పని: జీతం సరే, ప్రమోషన్ సంగతేంటి?

"ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాస్ అతనొస్తే చూడమ్మా!" టోలిచౌకిలోనో మెహిదీపట్నంలోనో ఇంటి నుంచి పని చేసే కోడళ్లకు ఈ మాట కొత్త కాదు. గచ్చిబౌలి ట్రాఫిక్ తప్పిందని సంతోషించేలోపే, మిగిలిన ఆ టైమంతా వంటింట్లో కలిసిపోతుంది. రాత్రి మళ్లీ అమెరికా వాళ్లతో కాల్. అదే పని ఇంటి నుంచి మగవాళ్లు చేస్తే మాత్రం "ఆఫీసులో ఉన్నాడు, కదిలించొద్దు" అంటారు.

అలసట ఒక ఎత్తయితే, ఎదుగుదల ఇంకో ఎత్తు. చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీలో స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం 2010లో మొదలుపెట్టి తొమ్మిది నెలలు ఒక ప్రయోగం చేసింది. ఇంటి నుంచి పని చేసిన కాల్ సెంటర్ ఉద్యోగుల పనితీరు 13 శాతం పెరిగింది. కానీ అంతే బాగా పని చేసిన ఆఫీసు వాళ్లతో పోలిస్తే వీళ్లకు ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. కళ్ల ముందు లేని మనిషి బాస్‌కు గుర్తు రాడు మరి!

అదే కంపెనీలో తర్వాత 1,612 మందితో చేసిన అధ్యయనం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. ఈసారి వారానికి రెండు రోజులే ఇల్లు, మిగతా మూడు రోజులు ఆఫీసు. ప్రమోషన్లలో తేడా కనిపించలేదు. ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. ఆఫీసుకు దూరంగా ఉండేవాళ్లకు, ఆడవాళ్లకు ఇది మరీ కలిసొచ్చింది. ఇల్లా, ఆఫీసా అని తేల్చుకోలేని వాళ్లు ముందు ఈ పద్ధతి అడిగి చూడటం మేలు.

బాలింతల విషయంలో చట్టం కూడా కొంత తోడుంది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 26 వారాలైంది. సెలవు అయ్యాక, పని స్వభావం అనుమతిస్తే, ఇద్దరూ ఒప్పుకున్న షరతులతో ఇంటి నుంచి పని ఇవ్వొచ్చన్నారు. ఇవ్వొచ్చు అన్నారే గానీ, ఇవ్వాల్సిందే అనలేదు. అందుకే నోటి మాటతో సరిపెట్టుకోకుండా ఎన్ని నెలలు, ఏ వేళలు అన్నది ఈమెయిల్‌లో రాయించుకోవాలి.

ఆఫీసుతో తేల్చుకోవడం ఒక రకంగా తేలికే. ప్రతి శుక్రవారం ఆ వారం చేసిన పని నాలుగు లైన్లలో మేనేజర్‌కు పంపొచ్చు. రేటింగుల ముందు ఒకసారి ఎదురుగా కూర్చుని మాట్లాడొచ్చు. అత్తగారికి చెప్పడమే కష్టం. ఆ మాట కోడలి కంటే కొడుకు చెబితేనే చెల్లుతుంది. ఆమె కాల్‌లో ఉన్నప్పుడు గ్యాస్ అతనికి తలుపు తీయాల్సింది కూడా అతనే.