గాజుతొట్టిలో చేపకు జబ్బు చేసినప్పుడు

నిన్నటివరకు చుఱుకుగా తిరిగిన బంగారుచేప నేడు తొట్టి మూలకు చేరి, వాజములు ముడుచుకొని, మేత ముట్టదు. ఒక్కొక్కసారి అడుగునున్న గులకరాళ్లకు ఒడలు రాచుకొనును. పరికించి చూచినచో తోకమీదను, ప్రక్కలమీదను ఉప్పురవ్వలు చల్లినట్లు తెల్లని చుక్కలు కానవచ్చును. ఇంట చేపలు పెంచువారికి తఱచుగా ఎదురగు ఈ జబ్బునకు తెల్లచుక్కల వ్యాధియని పేరు.

చుక్కలు లేకుండ చేపలన్నియు నీటిపైకి వచ్చి నోరు తెఱచుచున్నచో అది వేఱు సంగతి. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జించును. దానిని నైట్రైటుగాను, పిమ్మట నైట్రేటుగాను మార్చు బాక్టీరియా క్రొత్త తొట్టిలో స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అందాక అమ్మోనియాయే చేపలకు విషము. అచ్చట కావలసినది మందు కాదు, నీరు మార్చుట. మఱియొక పొరపాటు కూడ కలదు. సంతానోత్పత్తి కాలమున మగ బంగారుచేపకు మొప్పమూతలమీదను, ముందు వాజముల అంచునను తెల్లని పొక్కులు లేచును. ఇది జబ్బు కానేకాదు. పాప మా చేపకు అనవసరముగ వైద్యము చేయువారు పెక్కురు.

తెల్లచుక్కల వ్యాధికి కారణము ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫిలిస్ అను ఏకకణజీవి. ఫ్రాన్సు దేశపు ఫూకే 1876లో దీనిని వర్ణించెను. గ్రీకుభాషలో మొదటి పదమునకు చేపపేను అని అర్థము. రెండవ పదము లాటిను, పెక్కుమంది బిడ్డలు కలదని భావము. ఈ పేరు ఎంత తగినదో దాని జీవితచక్రమును చూచినచో తెలియును. ఒడలంతయు శైలికలుగల ఈ జీవి చేప బాహ్యచర్మము క్రిందికి దూరి, అచ్చటి కణజాలమును తినుచు పెరుగును. ఒక మిల్లీమీటరు వఱకును పెరుగగలదు. మనకు కనబడు చుక్క ఇదియే. సూక్ష్మదర్శినిలో చూచినచో గుఱ్ఱపునాడావంటి పెద్ద కేంద్రకము స్పష్టముగ కనిపించును. ఎదిగిన పిదప అది చేపను విడిచి అడుగునకు చేరి, జిగురుకోశము నిర్మించుకొని, అందులో విభజన చెంది వందలకొలది పిల్లలగును. అవి కోశమును చీల్చుకొని వచ్చి చేపకొఱకు ఈదులాడును. ఒకటి రెండు దినములలో చేప దొరకనిచో చచ్చును.

ఐదువందల పిల్లలలో ఏబదింట ఒకటి మాత్రమే చేపను చేరినదనుకొందము. అప్పుడు ఒక చుక్కకు మరుసటి విడతలో పది చుక్కలు, ఆపై విడతలో నూఱు. చర్మముకంటె మొప్పలకు పట్టినపుడు అపాయము హెచ్చు; చేపకు ఊపిరి అందదు.

వైద్యములో జరుగు పెద్ద పొరపాటు ఇచ్చటనే యున్నది. చర్మము లోపలనున్న జీవికిని, కోశములోనున్న జీవికిని మందు తగులదు. లోన గొళ్లెము పెట్టుకొన్న దొంగవంటివి అవి. నీటిలో ఈదు పిల్లలే మందునకు లొంగును. మందు పోసిన నాలుగైదు దినములకు చుక్కలు మాయమగును. యజమాని సంతోషించి మందు మానును. నిజమునకు అవి చావలేదు, పిల్లలు పెట్టుటకు దిగినవి! వారము తిరుగకముందే తొట్టిలోని చేపలన్నిటికిని చుక్కలు లేచును.

కావున చివరి చుక్క పోయిన పిదప కూడ ఒక వారము వైద్యము సాగవలెను. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఈ జీవితచక్రము సుమారు ఒక వారములో ముగియును. 10 డిగ్రీల వద్ద నెలకు మించి పట్టును. అందుచేతనే హీటరుతో నీటిని రోజుకు రెండు డిగ్రీల చొప్పున 30 డిగ్రీల వఱకు మెల్లగా పెంచెదరు. చక్రము వేగముగ తిరిగినకొలది పిల్లలు త్వరగా బయటపడి మందునకు చిక్కును. 30 డిగ్రీల వద్ద ఈ జీవి వృద్ధియు కుంటువడును. అయితే 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజను కరుగగా, 30 డిగ్రీలలో ఏడున్నరయే కరుగును. గాలిపంపు లేక వేడి పెంచరాదు.

మందులలో సులభమైనది ఉప్పు. పొడవు 60, వెడల్పు 30 సెంటీమీటర్లుగల తొట్టిలో నీరు 25 సెంటీమీటర్లున్నచో అది 45 లీటర్లు. లీటరుకు 2 గ్రాముల వంతున 90 గ్రాముల ఉప్పును వేఱుగ కరగించి, ఒక దినములో మూడు విడతలుగ పోయవలెను. రోజు విడిచి రోజు అడుగుభాగము నుండి గొట్టముతో మూడవవంతు నీటిని లాగివేసినచో కోశములును పోవును. పోయు 15 లీటర్లలో 30 గ్రాముల ఉప్పు కలుపుట మఱువరాదు. కుళాయినీటిని రాత్రంతయు నిలువయుంచినచో క్లోరిను ఎగిరిపోవును. కొన్ని జెల్లజాతి చేపలును, నీటిమొక్కలును ఉప్పును ఓర్వవు. దుకాణములలో అమ్ము మాలకైట్ గ్రీన్ బాగుగ పనిచేయును గాని, చేతికి తొడుగు లేక దానిని తాకరాదు. తినుచేపలకు దాని వాడుక పెక్కు దేశములలో నిషిద్ధము.

కోలుకొన్న చేపకు కొంతకాలము వ్యాధినిరోధకశక్తి యుండును. అట్టి చేప చుక్కలు కనబడకుండగనే ఒకటి రెండు పరాన్నజీవులను మోయవచ్చును. క్రొత్త చేపను రెండు మూడు వారములు వేఱు తొట్టిలో ఉంచుట ఇందుకే. చేపలన్నియు పోయిన తొట్టిని మాత్రము పాఱవేయనక్కఱలేదు. 25 డిగ్రీలకు తక్కువ కాకుండ రెండు వారములు చేప లేకుండ ఉంచినచో, పుట్టిన పిల్లలకు ఆశ్రయము దొరకక తామే నశించును.