సైకిలు పంక్చరు: కారణం చెప్పే చిల్లు

సైకిలు చక్రంలో గాలి నిలవాలంటే బయటి టైరు, లోపలి ట్యూబు, గాలిని వెనక్కి రానివ్వని వాల్వు మూడూ సరిగా ఉండాలి. గాలి దిగిన ప్రతిసారీ ట్యూబుకు చిల్లు పడి ఉండదు. చిల్లు పడినా దానికి ముల్లే కారణం కావాలనీ లేదు. ప్యాచ్ వేయించుకున్న మర్నాడే అదే చక్రం మళ్లీ కూర్చుందంటే చాలాసార్లు ప్యాచ్‌లో లోపం ఉండదు. చిల్లును పూడ్చారు గానీ అది ఎందుకు పడిందో చూడలేదు, అంతే.

అనకాపల్లి జిల్లా పాయకరావుపేట పరిసరాల్లో సైకిలు తొక్కేవారికి ఈ కారణాలన్నీ ఎదురవుతాయి. ఊరు తాండవ నది ఒడ్డున ఉంది. వంతెన దాటితే తుని. 16వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగానే సాగుతుంది. తూర్పున పెంటకోట దగ్గర తాండవ సముద్రంలో కలుస్తుంది. అంటే ఒకే సైకిలు పొద్దున పొలం గట్టు మీదా, మధ్యాహ్నం హైవే అంచునా, సాయంత్రం సముద్రపు ఇసుక దారిలోనూ తిరగవచ్చు. ఒక్కో దారి చక్రాన్ని ఒక్కో తీరున దెబ్బతీస్తుంది.

పొలాల దారుల్లో ముందుగా చెప్పుకోవలసింది పల్లేరు. నేలబారున పాకి, పసుపు పూలు పూసే ఈ మొక్క కాయ ఎండాక ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు గట్టి ముళ్లుంటాయి. అది ఎటు తిరిగి పడినా ఒక ముల్లు పైకి నిలిచే ఉంటుంది. మధ్యధరా ప్రాంతం నుంచి అమెరికా చేరిన ఇదే మొక్క అక్కడి సైకిలిస్టులనూ ఏడిపిస్తోంది. సర్కారు తుమ్మ దానికంటే ప్రమాదకరం. 1870ల్లో కడప ప్రాంతపు మెట్ట భూముల్లో వంటచెరకు కోసం నాటిన ఈ చెట్టు ఇప్పుడు చెరువు గట్లనూ రోడ్ల పక్కలనూ ఆక్రమించింది. దాని ముల్లు పొడవైనది, గట్టిది. కంచె కోసం నరికిన కొమ్మలను దారి వెంట ఈడ్చుకుపోతే రాలిన ముళ్లు నెలల తరబడి దుమ్ములో పడి ఉంటాయి. ఈత మట్టల ముళ్లు సరేసరి.

హైవే అంచున శత్రువు వేరు. లారీల రేడియల్ టైర్ల లోపల సన్నని ఉక్కు తీగలుంటాయి. టైరు పేలినప్పుడు ఆ తీగలు తునకలుగా రోడ్డు పక్కకు చేరతాయి. సైకిళ్లు నడిచేది సరిగ్గా ఆ అంచునే. వెంట్రుకంత తీగ ముక్క టైరులోకి దిగితే పైనుంచి కంటికి కనిపించదు. ట్యూబు మార్చినా కొత్త ట్యూబునూ అదే పొడుస్తుంది. వాన పడినప్పుడు గాజు ముక్కలూ తీగలూ ఇంకా సులువుగా దిగుతాయి, ఎందుకంటే తడి రబ్బరును కోయడం తేలిక.

సముద్రతీరంలో దెబ్బ లోపలినుంచి వస్తుంది. ఉప్పుగాలికి రిమ్ము, చువ్వల కొసలు తుప్పు పడతాయి. చువ్వల తలలను కప్పే రిమ్ టేపు చివికిపోతే తుప్పు పెళ్లలూ చువ్వ కొసలూ ట్యూబుకు తగిలి రాపిడి పెడతాయి. ఇలాంటి చక్రానికి ఎన్ని ప్యాచ్‌లు వేసినా దండగ. రిమ్మును గీకి శుభ్రం చేసి, పైకి లేచిన చువ్వ కొసలను అరగదీసి, కొత్త టేపు చుట్టాలి.

అందుకే ట్యూబు బయటికి తీశాక చిల్లు ఎక్కడుందో చూడటం మొదటి పని. నేల వైపు సన్నని చిల్లుంటే ముల్లో తీగో గుచ్చుకుంది. రిమ్ము వైపు ఉంటే తప్పు చువ్వలదో టేపుదో. పక్కపక్కనే రెండు చీలికలు కనిపిస్తే గాలి చాలని టైరుతో గోతిలో దిగారని అర్థం. బరువుకు టైరు అణగిపోయి, ట్యూబు రిమ్ము రెండు అంచులకూ గోతి అంచుకూ మధ్య నలిగి రెండుచోట్ల తెగుతుంది. వెనుక క్యారియరు మీద చేపల బుట్టో పాల క్యాన్లో గ్యాసు సిలిండరో కట్టుకుని తిరిగే సైకిళ్లకు ఇది తరచూ జరుగుతుంది. వాల్వు మొదట్లో ట్యూబు చిరిగితే అదీ తక్కువ గాలి పనే. వదులుగా ఉన్న టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జరుగుతూ ట్యూబునూ లాగుతుంది. వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో బిగిసి ఉండటంతో ఆ చోట చినుగుతుంది. ఈ చినుగుకు ప్యాచ్ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే.

ఊడదీసి మళ్లీ బిగించుకునే టైరు మొదటి నుంచీ ఉన్నది కాదు. గాలి నింపే చక్రానికి 1845లోనే స్కాట్లాండు ఇంజినీరు రాబర్ట్ థామ్సన్ పేటెంటు తీసుకున్నా అది వాడుకలో నిలవలేదు. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడైన జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో మళ్లీ రూపొందించాక గాలి టైరు ప్రపంచమంతా వ్యాపించింది. అయితే ఆ తొలి టైర్లను చక్రానికి అంటించేవారు. పంక్చరు పడితే ఊడదీయడానికే గంటలు పట్టేది. 1890లో ఇంగ్లండుకు చెందిన వెల్చ్ అంచుల్లో తీగ ఉండే టైరును తయారుచేశాడు. 1891లో ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు ఊడదీసే టైరు తెచ్చారు. ఆ ఏడాది ప్యారిస్–బ్రెస్ట్–ప్యారిస్ పందెంలో షార్ల్ తెరాఁ దానితోనే గెలిచాడు. నేడు రోడ్డు పక్కన చెట్టుకింద, కొమ్మకు పాత టైరు వేలాడదీసి కూర్చున్న మెకానిక్కు కొద్ది నిమిషాల్లో పని ముగించగలుగుతున్నాడంటే మూలం ఈ మార్పే.

బాగుచేయడం వాల్వుతో మొదలవ్వాలి. మన పాత తరహా సైకిళ్ల వాల్వులో చిన్న లోహపు పిన్నుకు సన్నని రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. ఎండకు అది పగిలినా, అంటుకుపోయినా గాలి దిగుతుంది. వాల్వు మీద ఒక నీటిచుక్క వేసి బుడగ వస్తుందేమో చూస్తే ఆ సంగతి తేలిపోతుంది. ఆ ముక్క మార్చడం తేలిక, ఖర్చూ స్వల్పం. ఈ ఒక్క పరీక్ష చేయక టైరంతా విప్పేవారు ఎందరో!

వాల్వు బాగుంటే టైరు ఒక పక్క అంచును మాత్రమే లివర్లతో రిమ్ము దాటించాలి. మిగిలిన గాలిని ముందే తీసేసి, వాల్వుకు ఎదురు వైపున్న అంచును రిమ్ము నడిమి పల్లంలోకి నొక్కితే ఇవతలి అంచు వదులవుతుంది. చక్రం ఊడదీయనక్కర్లేదు. ట్యూబును బయటికి లాగి గాలి కొట్టి నీళ్ల బేసిన్‌లో కొద్దికొద్దిగా ముంచుతూ పోవాలి. బుడగలు వచ్చిన చోట గుర్తు పెట్టి తడి తుడవాలి. ఒక చిల్లు దొరకగానే ఆగకుండా ట్యూబంతా చూడటం మంచిది.

ఇక్కడే చాలామంది వదిలేసే పని ఒకటుంది. వాల్వు నుంచి చిల్లు ఎంత దూరంలో ఉందో కొలిచి, టైరులోనూ అంతే దూరంలో వెతకాలి. వేలితో నేరుగా తడిమితే తీగ గుచ్చుకుంటుంది కనుక పాత గుడ్డతో లోపల తుడవాలి. గుడ్డ పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టు. దాన్ని శ్రావణంతో లాగేయాలి.

ప్యాచ్ నిలవడం ఓపిక మీద ఆధారపడుతుంది. చిల్లు చుట్టూ ప్యాచ్ కంటే కాస్త వెడల్పుగా గరుకు కాగితంతో రుద్ది, పొడి దులపాలి. సొల్యూషన్ అంటే ద్రావకంలో కరిగిన రబ్బరు. ద్రావకం ఎగిరిపోతేనే పట్టు వస్తుంది. పలుచగా పూసి కొన్ని నిమిషాలు ఆరనివ్వాలి. తడి మెరుపు పోయి వేలికి కొద్దిగా అంటుతున్నప్పుడు ప్యాచ్ పెట్టి మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగా అంటించిన ప్యాచ్ ఎండవేళ జారిపోతుంది. పాత ట్యూబు ముక్కనే ప్యాచ్‌గా వాడితే దాన్నీ గరుకు చేసి సొల్యూషన్ పూయాలి. ట్యూబులో కొద్దిగా గాలి నింపి, ముందు వాల్వును రంధ్రంలో పెట్టి, మెలిక పడకుండా లోపలికి సర్దాలి. టైరు అంచును చివరిదాకా అరచేతులతోనే ఎక్కించాలి. చివర్లో లివరు వాడితే ట్యూబు నలిగి కొత్త చిల్లు పడుతుంది.

ఎండలో నిలబెడితే ట్యూబు పేలుతుందన్న నమ్మకం ఊళ్లలో గట్టిగా ఉంది. లెక్క వేస్తే, 40 పౌండ్ల పీడనం ఉన్న ట్యూబు 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కినా పీడనం 5 పౌండ్లు పెరుగుతుందంతే. మంచి టైరు దాన్ని సులువుగా భరిస్తుంది. పేలిందంటే టైరు పక్కలు అప్పటికే చిరిగి ఉండాలి, లేదా పాత ప్యాచ్ వేడికి పట్టు వదిలి ఉండాలి. ఎండకు భయపడి గాలి తక్కువ కొట్టించుకోవడమే అసలు నష్టం. బరువు మోసే సైకిలుకు అది పంక్చరును పిలిచి తెచ్చుకోవడమే.

పంక్చరు రాకుండా చూసే ఉపాయాల్లో గాలిదే మొదటి స్థానం. ఎంత పీడనం ఉండాలో టైరు పక్కన అచ్చుపోసి ఉంటుంది. సహజ రబ్బరు ట్యూబు బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరు ట్యూబు కంటే త్వరగా గాలి వదులుతుంది కాబట్టి వారానికొకసారైనా కొట్టించాలి. అదే రోజు చక్రం మెల్లగా తిప్పుతూ టైరులో దిగిన ముళ్లనూ గాజు ముక్కలనూ తీసేయాలి. చాలా ముళ్లు మొదటి రోజే ట్యూబును చేరవు, తిరిగిన కొద్దీ లోపలికి దిగుతాయి. టైరు అరిగి లోపలి దారాలు కనిపిస్తే మార్చడం తప్పదు. ముళ్లదారిలో రోజూ తిరిగేవారు పాత ట్యూబును నిలువునా కోసి టైరుకూ కొత్త ట్యూబుకూ మధ్య పరుచుకోవచ్చు. చక్రం కొంచెం బరువెక్కుతుంది గానీ పల్లేరు ముల్లును అది బాగానే ఆపుతుంది. ట్యూబులో పోసే సీలెంటు ద్రవం సన్నని చిల్లును మూస్తుంది, చీలికను మూయలేదు. కొన్ని నెలలకు ఎండిపోతుంది కూడా. గాలి అక్కర్లేని గట్టి టైర్లకు పంక్చరే ఉండదు. కాకపోతే అవి బరువు, గతుకుల దారిలో కుదుపంతా తొక్కేవాడి నడుముకే చేరుతుంది.

ఉన్నత పాఠశాలకు సైకిలు మీద వెళ్లే పిల్లల సంచిలో రెండు లివర్లు, ప్యాచ్‌లు, సొల్యూషన్ ట్యూబు, వాల్వు రబ్బరు ముక్క పట్టేస్తాయి. పంపు ఇంట్లో ఒకటుంటే చాలు. మూత తీసిన సొల్యూషన్ తొందరగా గట్టిపడుతుంది. కాబట్టి ప్రయాణంలో వాడటానికి మూత తీయని ట్యూబు ఒకటి విడిగా ఉంచుకోవాలి.