దాచిన పొరలు – తాళము వేసిన పొరలు

రేడియో పెట్టె వెనుకమూత విప్పి చూచినచో ఆకుపచ్చనిదో, గోధుమరంగుదో పలకయొకటి కనబడును. దానిపై చిన్న చిన్న భాగములు, వానిని కలుపు సన్నని రాగిదారులు ఉండును. ఇదియే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు. ఆస్ట్రియాలో జన్మించిన పాల్ ఐస్లర్ 1936 ప్రాంతమున ఇంగ్లండులో ఇట్టి పలకతోనే ఒక రేడియోను నిర్మించెను. నేడు ఈ దారులను కంప్యూటరు తెరపై గీయుచున్నారు. ఇందుకు విద్యార్థులకు ఉచితముగా లభించు సాఫ్ట్‌వేర్ కికాడ్. 1992లో ఫ్రాన్సునందు జాన్-పియెర్ షారాస్ దీనిని ప్రారంభించెను.

నాలుగు పొరల పలకను తీసికొందము. పైన, క్రింద రాగిదారులు. నడుమ గ్రౌండునకు ఒక పొర, విద్యుత్ సరఫరాకు ఒక పొర. ఇంతయు సాధారణముగా 1.6 మిల్లీమీటర్ల మందములోనే ఇముడును. అన్ని పొరలను ఒక్కసారి తెరపై చూపినచో కన్ను చెదరును. అందుచే పనిచేయువారు తమకు అప్పటికి అక్కరలేని పొరలను దాచుదురు. చిక్కు ఇక్కడనే పుట్టుచున్నది. దాచిన పొర కంటికి మరుగైనదే గాని, మార్పునకు అతీతమైనది కాదు.

కనబడని గీతను పట్టుకొనుట ఎట్లు సాధ్యమని శ్రోతలు అడుగవచ్చును. నేరుగా సాధ్యము కాదు. దాచిన పొరలోని గీతను కికాడ్ ఎంచుకొననీయదు. కాని అన్నియు ఒకే పొరకు చెందినవి కావు. పై పొరనుండి క్రింది పొరవరకు తొలిచి, లోపల రాగిపూత పూసిన రంధ్రమును వయా అందురు. పై పొరలో దానిని రవంత జరిపితిమా, నడిమి పొరలలోను జరుగును. అచటి రాగిలో దాని చుట్టు క్రొత్త ఖాళీ ఏర్పడును. ఇట్టి ఖాళీలు వరుసగా కలిసినచో గ్రౌండు పొర అక్కడ చీలిపోవును. ఇంతకన్న ప్రమాదకరమైనవి పలకనంతటిని ఒక్కపెట్టున మార్చు ఆజ్ఞలు. ‘గ్లోబల్ డిలీషన్స్’ అను పెట్టెలో ‘అన్ని పొరలు’ అని ఎంచినచో తెరపై లేనిదియు తుడుచుకొని పోవును.

పై పొరలో తప్పు దొరలిన కత్తితో కోసి, తీగ అతికి సరిచేయవచ్చును. నడిమి పొరలోని తప్పునకు చేయి చేరదు. కార్ఖానానుండి వచ్చిన పలకలన్నియు వ్యర్థములే.

కాబట్టి దాచుట వేరు, తాళము వేయుట వేరు. పని ముగిసిన వయాలను, భాగములను ఎంచి, ‘ఎల్’ మీట నొక్కి లాక్ చేయవలెను. 2021 డిసెంబరులో వెలువడిన ఆరవ వెర్షనులో ‘సెలెక్షన్ ఫిల్టర్’ అను జల్లెడ చేరినది. అందు వయాలకు ఎదురుగా ఉన్న గుర్తు తీసివేసిన, మౌసు వానిని పట్టదు. తాళము వేసినవానికిని అందు వేరుగా ఒక గడి కలదు. అసలు పొరలను పూర్తిగా దాచుటకంటె మసక చేసి ఉంచుట మేలని మా అభిప్రాయము. కికాడ్‌లో అట్టి వీలున్నది, మసకగానైనను కన్ను వానిని మరువదు.

కార్ఖానాకు పంపుటకు ముందు నియమముల పరీక్ష జరుపవలెను. తెగిన దారి దాచిన పొరలో ఉన్నను ఆ పరీక్ష పట్టుకొనును. అయితే 12వ రెసిస్టరు పేరు 13వ దాని ప్రక్కకు జరిగినచో అది ఊరకుండును. అన్ని పొరలను తెరచి, ఒక్కొక్క పేరును కంటితో చూచుకొనవలసినదే.