ఆ మూడో పిన్ను ఎక్కడికి పోతోంది?

ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయని అమ్మ చెప్పగానే ఎలక్ట్రీషియన్‌ని పిలిచా. ఆయన మెయిన్ ఆపి, ముందు సాకెట్ విప్పాడు. మూడో రంధ్రానికి ఆకుపచ్చ తీగ ఉంది. కానీ అది ఇంటి బయట నేలలోకి దిగనే లేదు!

ప్లగ్గులో లావుగా, పొడవుగా ఉండే పిన్నే ఎర్త్. లోపలి తీగ ఊడి ఫ్రిజ్ బాడీకి తగిలితే కరెంటు ఆ దారిన నేలలోకి పోవాలి. ఆ దారి లేకపోతే? ముట్టుకున్న మనమే దారి.

మర్నాడు గోడకి 5 అడుగుల దూరంలో గొయ్యి తవ్వించాం. 8 అడుగులు దాటిన జీఐ పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేయించాం. మట్టి తడిగా ఉంటేనే కరెంటు తేలిగ్గా దిగుతుంది. అందుకే ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తుండాలి.

పైపు పాతితే సరిపోదు. ఎండిన నేల 50 ఓమ్‌ల నిరోధం చూపిస్తే, 230 వోల్టుల దగ్గర పోయేది 4.6 ఆంపియర్లే. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోదు. బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. అందుకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం. అంత కొంచెం లీకైనా క్షణంలో సరఫరా ఆపేస్తుంది.

అద్దెకి ఇల్లు చూస్తున్నారా? నీళ్లు, పార్కింగ్‌తో పాటు ఎర్త్ పిట్ ఎక్కడుందో కూడా ఓనర్‌ని అడగండి. ఎర్త్ తీగని నీళ్ల పైపుకి కట్టేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ షాక్ కుళాయి దగ్గర కొడుతుంది.