వదిలేసినా ఎడమకే పరుగు

“చవకగా దొరికిందని ఒక గేమ్‌ప్యాడ్ కొని లినక్స్ కంప్యూటర్‌కి తగిలించాను. స్టిక్ మీద వేలు పెట్టకపోయినా కారు ఎడమకే పోతోంది. కుడికి పూర్తిగా తోస్తే తిన్నగా నడుస్తోంది. ఎడమకి కాస్త కదిపితే చాలు, ఒక్కసారిగా కుడికి తిరిగిపోతోంది. స్టిక్ పాడైందా?” అని ఒక పాఠకుడు అడిగారు. ఈ ఉత్తరం చదివాక ఆ పూట నాకు వేరే పని సాగలేదు. పాడైన స్టిక్ ఇంత పద్ధతిగా తప్పు చెయ్యదు. ఇది లెక్కలో వచ్చిన తేడా.

యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్లు చాలావరకు హిడ్ అనే ప్రమాణాన్ని పాటిస్తాయి. తగిలించగానే పరికరం తన పరిచయ పత్రం పంపుతుంది. దాని పేరు రిపోర్ట్ డిస్క్రిప్టర్. నాకు ఇన్ని బటన్లున్నాయి, స్టిక్ విలువలు ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఉంటాయి అని అందులో రాసి ఉంటుంది. కంప్యూటర్‌లో పరికరంతో మాట్లాడే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, దాన్ని నమ్మి, తర్వాత వచ్చే బైట్లన్నిటికీ ఆ ప్రకారమే అర్థం చెబుతుంది.

అసలు విషయం ఒక్క బైట్‌లో ఉంది. అందులో 0 నుంచి 255 దాకా 256 విలువలు పడతాయి. రుణ సంఖ్యలు కూడా కావాలంటే 128 నుంచి పై విలువలన్నిటిలోంచి 256 తీసేసి చదువుతారు. అప్పుడు 255 అంటే −1, 128 అంటే −128. గడియారంలో ముల్లు కదలకుండానే ఒకరు అయిదుముప్పావు అంటారు, ఇంకొకరు పావు తక్కువ ఆరు అంటారు. బైట్ కూడా అంతే, అయితే ఇక్కడ రెండు రకాలుగా చదివితే రెండు వేర్వేరు సంఖ్యలు వస్తాయి. ఏ రకంగా చదవాలో చెప్పాల్సింది పరిచయ పత్రమే.

ఇప్పుడు ఉత్తరం మళ్లీ చూడండి. ఆ స్టిక్ 0 నుంచి 255 దాకా పంపుతోంది, మధ్య స్థానం 128. పత్రంలో మాత్రం −127 నుంచి 127 అని ఉందనుకుందాం. వేలు తీస్తే వచ్చే 128ని డ్రైవర్ −128గా చదివి, హద్దు దాటింది కాబట్టి −127కి సర్దుతుంది. అంటే ఎడమ కొస! కుడికి పూర్తిగా తోస్తే 255 వస్తుంది, అది −1, దాదాపు మధ్య. ఎడమకి ఒక్క పిసరు కదిపితే 127 వస్తుంది, అది కుడి కొస. మూడు లక్షణాలూ సరిపోయాయి. అది లెక్కేసి చూసుకున్నప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పత్రాలు రాసేవాళ్లు ఇంకో తప్పు కూడా విరివిగా చేశారు. పత్రంలో 37 అనే బైట్‌కి అర్థం, పై హద్దు తర్వాతి ఒక్క బైట్‌లో ఉందని. 255 అని చెబుదామని 37, 255 అని రాసేస్తారు. కానీ హద్దును ప్లస్, మైనస్ గుర్తుతో చదవాలి కాబట్టి అది −1 అవుతుంది. సున్నా నుంచి −1 దాకా ఉండే స్టిక్ ఎక్కడైనా ఉంటుందా? సరిగ్గా రాయాలంటే హద్దును రెండు బైట్లలో చెప్పే 38 వాడి, 38, 255, 0 అనాలి. ఈ పొరపాటుతో లినక్స్‌కి గుండెలాంటి కెర్నల్ సర్దుకుపోతుంది. కింది హద్దు సున్నా గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే, పై హద్దును గుర్తు లేకుండా చదువుతుంది. ఒక చిన్న షరతుతో లెక్కలేనన్ని పరికరాలు పనిచేస్తున్నాయి. ఆ కోడ్ రాసినవాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

మన పాఠకుడి ప్యాడ్‌కి మందు కూడా ఆ సర్దుబాటులోనే దొరుకుతుంది. పత్రం చదవడానికి ముందే దాన్ని దిద్దే అవకాశం డ్రైవర్‌కి ఉంది, ఆ దిద్దుబాటును రిపోర్ట్ ఫిక్సప్ అంటారు. పత్రంలో 21, 129, 37, 127 అని ఉన్నచోట (21 అంటే కింది హద్దు, 129 అంటే −127) 21, 0, 37, 255 అని మార్చాలి. ప్రమాణం ప్రకారం ఇదీ తప్పే! పద్ధతిగా రాస్తే ఒక బైట్ పెరిగి, పత్రంలో ఆ తర్వాతి భాగమంతా వెనక్కి జరగాలి. కెర్నల్ సర్దుకుపోతుంది కాబట్టి పొడవు మారకుండా రెండు బైట్లు మారిస్తే సరిపోతుంది.

దిద్దే ముందు పాత బైట్లు నిజంగా అక్కడ ఉన్నాయో లేదో చూసి తీరాలి. పరికరం గుర్తింపు సంఖ్యలను మాత్రమే నమ్మితే కొంప మునుగుతుంది. సోనీ డ్యూయల్‌షాక్ 3 ప్యాడ్ గుర్తింపు సంఖ్యలు 1356, 616. వాటినే పెట్టుకుని వచ్చిన నకళ్లు ఉన్నాయి. కెర్నల్‌లోని సోనీ డ్రైవర్ కొన్నిటిని పేరు చూసి విడిగా పోల్చుకోవాల్సి వస్తోంది. వేరేవాళ్ల సంఖ్యలు తగిలించుకుని అమ్మేవాళ్ల మీద నాకు చాలా కోపం. ఆ బరువంతా డ్రైవర్లు దిద్దేవాళ్ల మీద పడుతోంది.

ఒకప్పుడు ఈ రెండు బైట్ల కోసం కూడా కెర్నల్‌లో మార్పు చేర్పించి, కొత్త విడుదల వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. 2023లో వచ్చిన లినక్స్ 6.3 నుంచి హిడ్-బీపీఎఫ్ ఉంది. దానితో నడుస్తున్న కెర్నల్‌లోకి చిన్న ప్రోగ్రామ్ ఎక్కించి పత్రాన్ని దిద్దుకోవచ్చు. ఉత్తరం రాసిన పాఠకుడు తన ప్యాడ్ పత్రంలో 129, 127 ఎక్కడున్నాయో వెతికి, ఆ వరుసంతా నాకు పంపితే బాగుంటుంది. నిలువు కదలికకీ అవే హద్దులు రాశారా, విడిగా రాశారా అన్నది తేలాలి.