గంధరాజం ఆకులు పసుపెక్కితే ముందు నీటినే అనుమానించాలి

నర్సరీ నుంచి తెచ్చినప్పుడు నిగనిగలాడిన గంధరాజం ఏడాది తిరక్కుండానే పాలిపోతుంది. లేత ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, వాటి మధ్య భాగమంతా పసుపు తిరుగుతుంది. బోరు నీటి మీద బతికే హైదరాబాద్, బెంగళూరు డాబాలపై మందారానికి, నూరు వరహాలకు, నిమ్మకు కూడా తరచూ ఇదే గతి. ఇది ఇనుము లోపం. అలాగని మట్టిలో ఇనుము లేదని కాదు. పీహెచ్ 7.5 దాటాక అది వేళ్లకు అందని రూపంలోకి మారిపోతుంది. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్ల తేడా. గంధరాజానికి 5 నుంచి 6 మధ్య ఉంటే హాయి.

కుండీలో పీహెచ్ పెరగడానికి పెద్ద కారణం బోరు నీటిలోని బైకార్బొనేట్లు. నీళ్లు పోసిన ప్రతిసారీ కాస్త సున్నం మట్టిలో మిగిలిపోతుంది. కుండీ అంచున పేరుకునే తెల్లటి పొర దాని ఆనవాలే. ఆర్వో యంత్రం వదిలే వృథా నీటిని మొక్కలకు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. పొదుపు మంచిదే కానీ, ఆ లవణాలన్నీ అందులో మరింత చిక్కగా ఉంటాయి.

దీనికి వంటింటి చిట్కాలకు కొదవ లేదు. నిమ్మరసం, వెనిగర్ కలిపిన నీళ్లు పీహెచ్‌ను వెంటనే తగ్గిస్తాయి. అయితే అవి సేంద్రియ ఆమ్లాలు. మట్టిలోని సూక్ష్మజీవులు కొద్ది రోజుల్లోనే వాటిని తినేస్తాయి, బైకార్బొనేట్ మళ్లీ తయారవుతుంది. కాఫీ పిప్పి మీద నమ్మకం ఇంకా ఎక్కువ. కానీ డికాక్షన్ తీసేటప్పుడే ఆమ్లం చాలావరకు కప్పులోకి దిగిపోతుంది, మిగిలిన పిప్పి దాదాపు తటస్థం. గుడ్డు పెంకులు, బూడిద వేస్తే పీహెచ్ పెరుగుతుంది.

నిలకడగా పనిచేసేది గంధకం పొడి. మట్టిలోని బ్యాక్టీరియా దాన్ని మెల్లగా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. దానికి తేమ, వెచ్చదనం, రెండు మూడు నెలల ఓపిక కావాలి. 12 అంగుళాల కుండీకి ఒక టీస్పూన్ చాలు. ఫలితం కనిపించలేదని మళ్లీ మళ్లీ వేస్తే వేళ్లు మాడిపోతాయి. వేసే ముందు పొడి మట్టి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడాలి. బుసబుస పొంగితే అందులో సున్నం దండిగా ఉన్నట్టే. అలాంటి మట్టిని గంధకంతో సరిచేయడం దండగ. కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలిపిన కొత్త మట్టిలోకి మొక్కను మార్చడమే మేలు.

నీటిని మార్చకపోతే ఆ కొత్త మట్టి కూడా కొన్నాళ్లకు పాత దారే పడుతుంది. వాన నీరు సహజంగానే కాస్త ఆమ్లగుణం కలది, సున్నం లేనిది. వానాకాలంలో డ్రమ్ముల్లో పట్టుకున్న నీరు, వేసవిలో ఏసీ గొట్టం నుంచి కారే నీరు ఇలాంటి మొక్కలకు కేటాయించవచ్చు. వారానికి రెండుసార్లు ఆ నీళ్లు పోసినా తేడా తెలుస్తుంది. ముదిరి పసుపెక్కిన ఆకులు మళ్లీ పచ్చబడతాయని మాత్రం ఆశించకూడదు. చూడాల్సింది కొత్త చిగుళ్ల రంగే.