మట్టికి స్నానం చేయించడం ఎలా?

చేతికి మట్టి అంటితే కడుక్కుంటాం. మరి మట్టికే మురికి పడితే?

2012 ఒలింపిక్స్ జరిగిన తూర్పు లండన్ నేల అలాంటిదే. ఏళ్ల తరబడి నడిచిన కర్మాగారాల నుంచి నూనె, తారు, సీసం అందులోకి ఇంకిపోయాయి. దాన్ని బాగుచేసేందుకు అక్కడే పెద్ద యంత్రాలు పెట్టి, ఆ చోటును ‘మట్టి ఆసుపత్రి’ అన్నారు. ఎంత చక్కని పేరో!

అమ్మ బియ్యం కడగడం చూశారుగా? గింజలు అడుగున ఉంటాయి, తెల్లటి పొడి నీళ్లతో పోతుంది. మట్టిని కడగడమూ అంతే. మురికి మట్టిని జల్లించి, నీళ్లతో కడుగుతారు. గులకరాళ్లు, ఇసుక శుభ్రంగా మిగులుతాయి. విషం పట్టిన మెత్తని బురద నీళ్లతో పోతుంది. విషం ఎక్కువగా ఆ బురదకే ఎందుకు అంటుకుంటుంది? గులకరాయి మీద నూనె చుక్క వేస్తే కడిగేయొచ్చు. పిండిలో వేస్తే? పీల్చేసుకుంటుంది! రేణువులు చిన్నవైన కొద్దీ మురికి పట్టే చోటు ఎక్కువ.

నూనె పట్టిన మట్టికి మరో వైద్యం ఉంది. ఇడ్లీపిండిని పులియబెట్టే సూక్ష్మజీవుల్లాగే, నూనెను తినేవీ ఉన్నాయి. మట్టిని కుప్పపోసి, తడిపి, గాలి తగిలేలా తిరగేస్తుంటే అవి మెల్లగా తినేస్తాయి.

కడిగినప్పుడు వేరుపడిన బురదను గట్టిగా పిండి, విషం బయటికి కారని చోటికి పంపేస్తారు. లండన్‌లో కడిగిన మట్టి మళ్లీ అదే నేలలోకి చేరింది. ఇప్పుడు దాని మీద పెద్ద పార్కు ఉంది.